మా చెల్కలో మొలిచిన సర్కారు తుమ్మ

నేను బడిలో చేరకముందు మా ఊళ్లో ఒక్క సర్కారు తుమ్మ చెట్టు కూడా ఉండేది కాదంటే మా మనవలు నవ్వుతారు. వాళ్లకు ఊరంటేనే సర్కారు తుమ్మ. చెరువు కట్ట మీద అదే, రోడ్డు పక్కన అదే, పడావు పడ్డ భూముల నిండా అదే. గోదావరితో పాటు దాన్ని కూడా దేవుడే పుట్టించాడని వాళ్ల నమ్మకం. కాదురా అయ్యా, అది బయటి నుంచి వచ్చింది, రావడం నేను కళ్లారా చూశాను అంటే, "అమ్మమ్మ మళ్లా షురూ చేసింది" అని ఫోన్లు చేతిలోకి తీసుకుంటారు. అందుకే రాసి పెడుతున్నాను. కాగితమైతే మధ్యలో లేచి పోదు.

మాది చెన్నూరు దగ్గర ఒక చిన్న పల్లె. మా బాపుకు, అంటే నాన్నకు, నాలుగెకరాల చెల్క ఉండేది, వాన పడితేనే పండే ఎర్ర నేల. దాన్ని ఆనుకునే బాపు సొంత అన్న, మా పెద్దబాపుది, ఇంకో నాలుగెకరాలు. నడుమ ఒక బావి, ఇద్దరికీ కలిపి. పెద్దబాపుకు పిల్లలు లేరు. నేను సగం వాళ్లింట్లోనే పెరిగాను. పెద్దబాపు భార్య పెద్దవ్వ రొట్టెలు కాలిస్తే మొదటి రొట్టె నాది, అడిగే పని లేదు. నాకు పదేళ్లప్పుడు రెండు చెల్కల హద్దు, గెట్టు, దగ్గర లడాయి వచ్చింది. అన్న రెండు సాళ్లు ఇటు జరిగి దున్నాడని బాపు అన్నాడు, దున్నలేదని పెద్దబాపు అన్నాడు. ఆ రెండు సాళ్ల మట్టి కోసం అన్నదమ్ములు మాటలు మానేశారు. నన్ను ఆ గడప తొక్కొద్దన్నారు. పెద్దల కోపం పెద్దల దగ్గర ఉంచుకోవచ్చు కదా, నా రొట్టె మీద పడిందేమిటని నాకు ఒకటే ఏడుపు.

ప్రతి ఎండాకాలం మా ఊరికి గొర్రెల మందతో ఒక ముసలాయన వచ్చేవాడు. ఎవరికీ చుట్టం కాదు, కానీ ఊరంతా మంద తాత అనేవాళ్లం. రాత్రిళ్లు గొర్రెల్ని చెల్కలో తడకల మధ్య ఆపితే వాటి పెంటికలు నేలకు ఎరువు. రోజుకో చోటికి తడకలు జరుపుకుంటూ చెల్క మొత్తం తిప్పేవాడు. రైతులు బదులుగా జొన్నలు కొలిచి ఇచ్చేవారు. ఎప్పుడూ మాకు ఎనిమిది రాత్రులు, పెద్దబాపుకు ఎనిమిది రాత్రులు. ఆ ఏడు మాత్రం తమ్ముడి చెల్కలో పడుకున్న మంద నాకొద్దని పెద్దబాపు పంతం పట్టాడు. మంద మా చెల్కలోనే ఆగింది.

అంతకు కొన్నేళ్ల ముందు మా బడి పక్కన సర్కారు బంగళా ఒకటి కట్టారు. దాని చుట్టూ కంచెగా కొత్త రకం తుమ్మ నాటారు. ఎక్కడో సముద్రాల అవతలి దేశపు చెట్టట. మాకు తెలిసిందల్లా సర్కారోళ్లు నాటారని, అందుకే సర్కారు తుమ్మ. దాని ఆకును మేక కూడా ముట్టదు. నీళ్లు పోయకున్నా బతుకుతుంది. నరికితే రెండింతలు లేస్తుంది. కంచెకు ఇంతకన్నా ఏం కావాలని మా ఊరి పెద్దలు తెగ మెచ్చుకున్నారు. ఎండలు ముదిరేసరికి పసుప్పచ్చని కాయలు రాలేవి, తియ్యగా ఉండేవి. మేం చప్పరించేవాళ్లం. నేను ఇంకో అడుగు ముందుకేశాను. రోజూ బడి నుంచి వస్తూ లంగా ఒడి నిండా కాయలు ఏరుకొచ్చి సాయంత్రం గొర్రెలకు పెట్టేదాన్ని. అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ నా చేతుల్లో మూతులు పెట్టేవి. ఆ మెత్తదనం కోసం ఎనిమిది రోజులూ తిరిగాను. "జర తక్కువ పెట్టు బిడ్డా, కడుపుబ్బుతది" అనేవాడు తాత. అంతకు మించి ఆయనకు మాత్రం ఏం తెలుసు?

వానలు పడ్డాయి. బాపు జొన్న విత్తాడు. జొన్నతో పాటు చిన్న చిన్న ఆకుల మొలకలు లెక్కలేనన్ని లేచాయి. పీకితే పైది తెగి చేతికొచ్చేది, వేరు లోపలే ఉండేది, వారం తిరిగేసరికి మళ్లీ తలెత్తేది. వేలెడు పెరిగాయో లేదో ముల్లు కనబడింది. విచిత్రం ఏమిటంటే అన్నీ మా చెల్కలోనే. గెట్టు దాటితే అన్న భూమిలో ఒక్కటి లేదు. బాపుకు ఇంకేం కావాలి?

"పగవట్టి నా చెల్కల ముండ్ల గింజలు చల్లిండు. వాడు నాకు అన్నే గాదు. ఐతారం నాడు పంచాయితి పెడత, బావికి నడుమ గోడ కడత" అని వాకిట్లో నిలబడి అరిచాడు. ఊరంతా విన్నది, పెద్దబాపూ విన్నాడు. మా అవ్వ, అంటే అమ్మ, ఎంత బతిమాలినా బాపు చల్లబడలేదు. గోడ లేస్తే ఇక ఆ ఇల్లు నాకు లేనట్టే అని పదేళ్ల బుర్రకు కూడా అర్థమైంది.

తాత వానలు కుదిరేదాకా మా ఊరి గుట్ట కిందే ఉండేవాడు. సంగతి విని చెల్కకు వచ్చాడు. అవ్వకు సద్ది మోసుకుని నేనూ అక్కడే ఉన్నాను. ఆయన గొంతుక్కూర్చుని ఒక మొలకను కర్రతో లోతుగా తవ్వి వేరుతో సహా తీశాడు. వేరుకు అంటుకుని పగిలిన పెంటిక ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి నా వంక చూశాడు. నేను నా లంగా వంక చూసుకున్నాను. ఆయన లేచి బాపు దగ్గరికి పోయి, "కొడుకా, పంచాయితి జర ఆపు. నాకు పదిహేను దినాలు ఇయ్యి" అన్నాడు.

ఆయన చేసిన పని నేను ఈ వయసులో తలుచుకున్నా అబ్బురమే. మందలోంచి ఒక గొర్రెను తెచ్చి మా కొట్టంలో కట్టేశాడు. అందరూ చూస్తుండగా దానికి సర్కారు తుమ్మ కాయలు తినిపించాడు. తర్వాతి రెండు మూడు రోజుల పెంటికలు ఏరి, మన్ను నింపిన రెండు పగిలిన కుండల్లో చెరి సగం పెట్టాడు. "మీకు ఒకలంటె ఒకలికి నమ్మకం లేకపాయె. ఒక కుండ గీ ఇంట్ల, ఒక కుండ గా ఇంట్ల. రెండిట్ల నీళ్లు పోసుడు గీ పిల్ల పని" అన్నాడు. బాపు గుర్రుమన్నాడు గానీ ముసలాయన మాట కాదనలేకపోయాడు. అట్లా నాకు పెద్దబాపు గడప మళ్లీ దొరికింది. మొదటి రోజు పెద్దబాపు మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. రెండో రోజు పెద్దవ్వ రొట్టె చేతిలో పెట్టింది. మూడో రోజు పెద్దబాపే కుండ దగ్గర కూర్చుని నా కోసం చూస్తున్నాడు.

ఏడో నాడు మొలకలొచ్చాయి, రెండు కుండల్లోనూ. అవే ఆకులు. పదిమందీ పోగయ్యారు. బాపు రెండు కుండల్నీ మార్చి మార్చి చూసి తల దించుకున్నాడు. పెద్దబాపు తిట్టలేదు. "తమ్మీ, ముండ్లు చల్లేటోని లెక్క కనవడ్డనారా నీకు?" అన్నాడు. ఆ మాటకు మా బాపు, నేను ఎన్నడూ కన్నీళ్లు చూడని మా బాపు, వెక్కి వెక్కి ఏడ్చాడు. గోడ మాట అక్కడితో పోయింది.

కానీ పది మంది పోగైన చోట కోపం ఊరికే చల్లారదు. "మరి గొర్లు గా కాయలు యాడ తిన్నయ్? బంగళా కాడికి మంద పోదు గద" అని ఎవరో అన్నారు. నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను, దేవుడి తోడు. ఆడపిల్లకు చదువెందుకని బాపు అప్పటికే రోజూ సణిగేవాడు, ఆ కాయలు బడి దారిలోవని తెలిస్తే ఏమవుతుందో నాకూ తెలుసు, తాతకూ తెలుసు. ఆయన నా భుజం మీద చెయ్యేసి, నాకు మాత్రమే వినబడేలా, "సప్పుడు చెయ్యకు. నీ బడి బంద్ వెడ్తరు. నాకేం ఫికర్ బిడ్డా, నాకు వంద ఊర్లున్నయ్" అన్నాడు. ఆ తర్వాత గట్టిగా, "దారిల యాడనో తిన్నయ్. తప్పు నాదే, చూస్కోలే" అన్నాడు.

ఇక మా ఊళ్లో మంద పెట్టొద్దన్నారు. ఆయన తెల్లారి మందను తోలుకుని పోయాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు నాకు బాధకన్నా నెమ్మదే ఎక్కువైంది. వంద ఊర్లున్న మనిషికి ఒక ఊరు పోతే ఏమవుతుంది అనుకుని కడుపు నిండా తిన్నాను.

మరుసటి ఎండాకాలం తాత రాలేదు. ఒక రోజు అవ్వతో చెన్నూరు అంగడికి పోతే అక్కడ తాత కోడలు గొంగళ్లు అమ్ముతూ కనబడింది. తాత ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడని అడిగాను. "ఏ ఊరు రానిస్తది పిల్లా? మాకున్నయే మూడు ఊర్లు. మీ ఊరు వద్దనంగనే తక్కిన రెండూ వద్దన్నయ్. జొన్నలు లేక సగం మంద అమ్ముకున్నం" అంది. మూడు. ఇంటికి నడిచినంత దూరం అవ్వ ఏం మాట్లాడిందో నాకు తెలియదు.

బాపు కంచం ముందు కూర్చోగానే చెప్పేశాను. కాయలు ఏరింది నేనే, పెట్టింది నేనే, తాత నాకోసం అబద్ధమాడాడు అని. బడి పోతే పోయింది, దెబ్బలు పడితే పడ్డాయి. బాపు కొట్టలేదు. కంచం పక్కకు జరిపాడు. ఆ తర్వాత లేచి పోయి పెద్దబాపును పిలుచుకొచ్చాడు. తెల్లవారి ముగ్గురం తాత ఊరికి బయల్దేరాం, పొద్దంతా నడక. నన్నెందుకని అవ్వ అడిగితే, "చెప్పినామె ఆమెనే గద, అక్కడ గూడ ఆమెనే చెప్తది" అన్నాడు బాపు.

తాత చిక్కిపోయి ఉన్నాడు. నేను ఏడుస్తూనే అంతా చెప్పాను. బాపు ఆయన కాళ్లు పట్టుకోబోతే లేపి కూర్చోబెట్టాడు. వస్తానన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఏటేటా మంద ముందు వారం రోజులు గుట్ట కింద బండ మీదే ఆగాలి, ఆకు తప్ప ఏమీ మేయకూడదు, కడుపులో ఉన్నది అక్కడే పోవాలి, ఆ పెంటికలు ఊడ్చి కాల్చిన తర్వాతే చెల్కలో అడుగు. అప్పుడు నాకు కోపం వచ్చింది. "వంద ఊర్లున్నయన్నవ్ గద తాతా!" అన్నాను. ఆయన బోసి నోటితో నవ్వి, "ఉంటె ఏటేటా మీ ఊరికే ఎందుకొస్త బిడ్డా?" అన్నాడు.

తాత బతికున్నన్నాళ్లూ ఆ షరతు నడిచింది. తుమ్మ మాత్రం ఆగలేదు. మా చెల్కలో తెగిన వేళ్లు కొన్ని మిగిలాయి, వేరే మందలు వచ్చాయి, కాయలు వాన నీళ్లతో కొట్టుకుపోయి చెరువులో చేరాయి. నన్ను బడి మాత్రం ఎవరూ మానిపించలేదు. చదువుకున్నాను, పెళ్లయ్యాక శ్రీరాంపూర్ బొగ్గు గనుల కాలనీకి వచ్చాను, అరవై దాటాను. ఇన్నేళ్లలో ఎంతోమంది నా ముందు "నాకేం ఫరక్ పడది, తప్పు నా మీద ఏసుకుంట" అన్నారు. మా మరిది అన్నాడు, కొడుకు అన్నాడు, పక్కింటి పిల్ల అంది. వంద ఊర్ల మాట విన్నదాన్ని, నేను ఎవరినీ నమ్మలేదు. ఏదో ఒక వంకతో వాళ్లింటికి పోయి, పొయ్యి మీద ఏం ఉడుకుతోందో చూసి వచ్చాకే మాట్లాడాను.