కర్ల్యూనా, వింబ్రెలా? ఆయ్!

ఆ రోజుల్లో మా కోనసీమలో గొప్పవాడు కావడానికి చదువు అక్కర్లేదు, వినయంగా "ఆయ్" అంటే చాలు, మిగతా గొప్పంతా అవతలివాళ్లే ఊహించుకునేవారు. ఆ ఒక్క ముక్కతో తొంభైల మొదట్లో నేను ఒక పూట పక్షిశాస్త్రవేత్తగా వెలిగాను. (శాస్త్రవేత్త అన్నది నా మాటే. ఇంకెవరూ అనలేదు.)

అప్పటికి అమలాపురంలో మా నాన్నగారి కొబ్బరికాయల కొట్టు చూసుకుంటున్నాను. కొత్తపేట సంబంధం ఒకటి వచ్చింది. పిల్ల నాకు నచ్చింది. ఎంతగానంటే, కాయలు లెక్కపెడుతూ మధ్యలో నవ్వుకునేవాణ్ణి. కానీ ఆ ఇంట్లో ఆఖరి మాట పిల్ల మేనమామగారిది. ఆయనది కర్నూలు. కాలేజీలో పాఠాలు చెప్పేవారు, సెలవు దొరికితే మెడలో బైనాక్యులర్స్ వేసుకుని పిట్టల వెంట తిరిగేవారు. ఆ సంగతి తెలియగానే మధ్యవర్తితో "నాకూ పక్షులంటే ప్రాణమని చెప్పండి" అన్నాను. (ప్రాణమే మరి, ఆదివారం పూట కోడి రూపంలో.)

ఆ మాట పట్టుకుని, ఉగాది ముందు ఒక పొద్దున్నే ఆయన మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. "పదప్పా, కాట్రేనికోన పోదాం. వలస పిట్టలు ఉత్తరానికి తిరిగిపోయే కాలమిది. వాటి మీదికి డేగ దూకేది ఒక్కసారన్నా చూడల్లని ఎన్నేండ్ల నుంచో ఆశ. నువ్వు తెలిసినోడివంట కదా?"

"ఆయ్" అన్నాను.

స్కూటరు మీద వెళ్లి ఉప్పుటేరు గట్టున కూర్చున్నాం. సముద్రం పోటు తగ్గి, నీరు తీసి బురద బయటపడింది. ఆ బురద మీద లక్ష పిట్టలు. (సరే, వేలు. మా ఆవిడ భుజం మీంచి చదువుతోంది కాబట్టి, వందలు.) దూర ప్రయాణానికి ముందు కడుపు నింపుకునే పెళ్లివారిలా తలెత్తకుండా తింటున్నాయి. వాటి మధ్య కొడవలి ముక్కుదొకటి హుందాగా నడుస్తోంది. మేనమామగారు దాని వైపు వేలు చూపించారు.

"అది కర్ల్యూనా, వింబ్రెలా?"

ఆ రెండూ అక్కచెల్లెళ్ల బిడ్డల్లా ఒకే పోలికట. నాకు రెండు పేర్లూ బిస్కెట్ పేర్లలా వినిపించాయి. "ఆయ్" అన్నాను.

"అదే, ఏది?"

"ఆయ్."

"కర్ల్యూ అంటావా?"

"ఆయ్."

"ముక్కు రవంత పొట్టిగా ఉందే. వింబ్రెలేమో?"

"ఆయ్, ఆయ్."

ఆయన నా వైపు తిరిగి మెచ్చుకోలుగా చూశారు. "నిజమైన పండితుడివప్పా. తొందరపడి తేల్చవు." నేను కాలర్ సర్దుకున్నాను. మనసులో అప్పుడే శుభలేఖలు అచ్చువేయించి పంచిపెట్టేశాను కూడా.

అంతలో బురద మీద పిట్టలన్నీ ఒక్కసారిగా గుప్పున లేచాయి. మా కుడివైపు ఆకాశంలోంచి ఒక నల్లని రాయి జారిపడుతోంది. డేగ! దాని రెక్క నా చెవికి తగిలింది. (తగల్లేదు. తాటిచెట్టంత ఎత్తున పోయింది.) మేనమామగారు కంగారుగా బైనాక్యులర్స్ ఎత్తి "యాడ? ఎడమ పక్కనా?" అని అరిచారు.

నా నోరు ఊరుకుంటుందా! "ఆయ్!"

ఆయన ఎడమకు తిరిగారు. కుడివైపు డేగ ఒక పిట్టను తన్నుకుని, కొబ్బరితోటల మీదుగా వెళ్లిపోయింది. గాలిలో నాలుగు ఈకలు మిగిలాయి. వాటితోపాటు నా పెళ్లీ గాల్లోనే.

ఆయన నెమ్మదిగా బైనాక్యులర్స్ దించారు. "మీ ఊర్లో ఆయ్ అంటే ఏమప్పా?"

"వింటన్నానండి అని."

"ఔనని కాదా?"

"ఒక్కోసారి ఔననేనండి. ఎక్కువగా, పెద్దోరు మాటాడతన్నారు కదా, ఊరుకుంటే బాగోదనండి."

"అయితే పొద్దుట్నుంచి నువ్వు చెప్పిందేమి?"

"ఏం చెప్పలేదండి. నాకు కాకీ, కోడీ తప్ప ఇంకే పిట్టా తెలవదండి బాబూ."

ఆయన బైనాక్యులర్స్ అద్దాలు తుడుచుకున్నారు. కొడవలి ముక్కు పిట్ట తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు మేత మొదలుపెట్టింది. నేను ఆ పిట్టకే దండం పెట్టుకున్నాను. చివరికి ఆయన అడిగారు: "మా పాపను బాగా చూసుకుంటావా?"

"ఆయ్."

"ఇది ఏ ఆయ్?"

"ఒప్పుకున్న ఆయండి!" అన్నాను, గట్టు కింది పిట్టలు మళ్లీ లేచిపోయేంత గట్టిగా.

ఆయన నవ్వారు. ఆ నవ్వు మీదే మా పెళ్లి జరిగింది. మరుసటేడు అదే గట్టు మీద నేను నోరు గట్టిగా మూసుకుని, చెయ్యి మాత్రం కుడివైపు చాపాను. డేగ దూకడం ఆయన కళ్లారా చూశారు. పెద్దాయన పోయి కొన్నేళ్లైంది. ఇప్పుడు ఆ బైనాక్యులర్స్ నా మెడలో ఉంటున్నాయి. కర్ల్యూకీ వింబ్రెల్‌కీ తేడా నాకిప్పుడు బాగా తెలుసు. (ముక్కు పొడవు. అది కాక ఇంకేదో కూడా ఉంది.)

ఇంతవరకూ చదివి మా ఆవిడ అడుగుతోంది: "ఏవండీ, ఇందులో నిజమెంతో రాసేరా?"

"ఆయ్."

"ఏ ఆయండీ?"

వింటున్నాను. ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాను.