ఆ బంతిని పోశెట్టి ఎందుకు వదిలేశాడంటే

పోశెట్టన్న పోయాడు.

నిన్న పొద్దున బెల్లంపల్లి నుంచి ఫోన్ వచ్చింది. "ఏ పోశెట్టి?" అని అడిగాను. తెలిసే అడిగాను. ఇంకెవరి పేరైనా చెబుతారేమోనని.

ఈ గ్రూపులో చిన్నవాళ్లకు ఆయన లాంప్ రూమ్ తాత. బొగ్గుగనిలో రిటైరైన మనిషి. మా వయసువాళ్లకు మాత్రం ఇడిసిపెట్టిన పోశెట్టి. ఫైనల్లో ఖాళీ గోల్ ముందు బంతిని వదిలేసినవాడు. కరీంనగర్ టీమ్ దగ్గర పైసలు తిన్నాడని ఊరంతా అనుకున్నవాడు.

ఆ సంగతి చెప్పడానికే ఈ పోస్ట్. కొంచెం పొడుగు. ఓపిక పట్టండి.

మా బెల్లంపల్లి ఫుట్‌బాల్ క్లబ్ నిజాం రాజ్యం పోయిన కొత్తలో పుట్టింది. గనిలో పనిచేసిన ఒక ఇంగ్లీషు ఇంజనీరు దొర తన దేశం వెళ్లిపోతూ ఒక తోలుబంతి ఇచ్చిపోయాడు. అది చిరిగితే వర్క్‌షాప్‌వాళ్లు మిషన్ బెల్టు ముక్కతో అతుకేశారు. నేరుగా కొడితే పక్కకు పోయేది. పక్కకు కొడితే ఎటు పోయేదో ఆ దొరకే తెలియాలి. ఆ బంతితో నేర్చుకున్నవాడికి ఏ బంతయినా...

పక్కన మనవరాలు "తాతా, సబ్జెక్ట్‌కు రా" అంటోంది.

వస్తున్నా.

ఆంధ్రప్రదేశ్ వచ్చాక క్లబ్ పెద్దదైంది. బాగా ఆడేవాళ్లను కంపెనీ పిలిచి నౌకరీ ఇచ్చేది. గనిలోకి దిగే పని కాదు, పైన పని. డ్యూటీ అయ్యాక ప్రాక్టీస్. రెండు సీజన్లు ఆడితే పర్మనెంట్. ఈలోపు దెబ్బ తగిలి అన్‌ఫిట్ అయితే ఇంటికే.

పోశెట్టన్న ధర్మపురి పక్క పల్లె నుంచి వచ్చాడు. గోదారి ఇసుకలో ఉరికి గట్టిపడిన కాళ్లు. బాపు లేడు. కన్న అవ్వ, చెల్లెళ్లు ఆ జీతం మీదే బతకాలి.

మొదటి సీజన్లో ఆయన్ని ఆపినవాడు లేడు.

రెండో సీజన్ మొదట్లో, ప్రాక్టీస్‌లో మోకాలు పోయింది. నడవగలడు. ఉరకలేడు. గట్టిగా తంతే అక్కడే కూలబడతాడు.

మా కెప్టెన్ ఖాదర్ భాయ్, వర్క్‌షాప్ ఫిట్టర్. మమ్మల్నందరినీ కూర్చోబెట్టాడు.

"డాక్టర్ తాన పోతే నౌకరి పోతది. గ్రౌండ్ల కనబడకున్నా పోతది. అందుకే పోశెట్టి ముంగట ఊకె నిలబడ్తడు. ఉరుకుడు మనం ఉరుకుదాం."

"అంటే పది మందితోని ఆడుడా భాయ్?" అన్నాను.

"పదకొండు మందే. ఒకడు జర నిమ్మలంగ ఆడ్తడు."

మోకాలికి పట్టీ చుట్టి, పైన పొడుగు సాక్స్ వేసి, ఆయన్ని ఎదుటివాళ్ల గోల్ వైపు నిలబెట్టాం. వింతేమిటంటే, పోయినేటి భయంతో ప్రతి టీమూ ఆయన మీద ఇద్దరిని కాపలా పెట్టింది. ఒక కాలు పనిచేయని మనిషి ఇద్దరిని కట్టేశాడు. అలా ఫైనల్ దాకా వచ్చాం.

సీజన్‌లో అదే చివరి మ్యాచ్. అది గడిస్తే ఆయన పర్మనెంట్. కంపెనీ ఆఫీసర్లు ముందు వరుసలో కుర్చీలేసుకుని కూర్చున్నారు.

ఆట సమానంగా నడిచింది. చివర్లో కరీంనగర్ గోల్‌కీపర్ ముందుకొచ్చి బురదలో జారిపడ్డాడు. కాపలా ఉన్న ఇద్దరూ మా లెఫ్ట్ వింగర్ మీదికి పోయారు. బంతి దొర్లుకుంటూ పోశెట్టన్న ముందుకొచ్చింది.

ఎదురుగా ఖాళీ గోల్. కానీ దూరం. మధ్యలో బురద. గట్టిగా తంతే తప్ప పోదు.

ఆయన కాలు వెనక్కి తీశాడు. కొట్టేవాడే. నేను చూస్తూనే ఉన్నాను, బంతి అందే దూరంలో లేను.

వెనక నుంచి ఖాదర్ భాయ్ గొంతు. "పోశెట్టీ, ఇడిసిపెట్టు. నా మాట ఇను, ఇడిసిపెట్టు."

కాలు దించాడు.

బంతి ఆయన పక్కనుంచి దొర్లి సైడు లైను దాటిపోయింది. జనం గోలలో ఆ కేక మాకు తప్ప ఎవరికీ వినబడలేదు. కాసేపటికి వాళ్లు గోల్ కొట్టారు. కప్పు కరీంనగర్ పోయింది.

పోశెట్టన్న పర్మనెంట్ అయ్యాడు. ఆ తర్వాతే, మెట్ల మీద జారానని చెప్పి, డాక్టర్‌కు మోకాలు చూపించాడు.

ఆయన్ని లాంప్ రూమ్‌లో వేశారు. గనిలోకి దిగే ప్రతివాడూ ఆ కిటికీ దగ్గర ఆయన చేతి నుంచే తలదీపం తీసుకోవాలి. ఎవడో ఒకడు అననే అనేవాడు.

"ఏం పోశెట్టన్నా, లైటైన చేతికిస్తవా, గిది గూడ ఇడిసిపెడ్తవా?"

క్యూ అంతా నవ్వేది. ఆయన దీపం సరిగ్గా వెలుగుతోందో లేదో చూసి, చేతికిచ్చి, "పైలంగ పోయిరా" అనేవాడు. తిట్టినవాడికీ అదే మాట.

నిజం బయటికొస్తే కంపెనీని మోసం చేశామని ఖాదర్ భాయ్ నౌకరీ పోయేది. మావీ పోయేవి. అందుకే పోశెట్టన్న నోరు విప్పలేదు.

మేమంతా రిటైరై, ఖాదర్ భాయ్ కూడా పోయాక అడిగాను. "అన్నా, ఇగ చెప్పనా?"

"ఎవలకు చెప్తవ్ తమ్మీ? తిట్టినోళ్లు సగం మంది పోయిండ్రు. ఉన్నోళ్లకు తిట్టుకునేటందుకన్న నేను యాదికున్న. ఉండనీ." లేచి పోతూ అన్నాడు. "నేను పోయినంక నీ ఇష్టం."

నిన్న సాయంత్రం అంత్యక్రియలయ్యాక ఆయన బిడ్డ నన్ను పక్కకు పిలిచింది.

"కాకా, మా బాపు నిజంగనే పైసలు తిన్నడా?"

మొత్తం చెప్పాను.

విన్నాక మెల్లగా అంది. "బడిల పిల్లలు అంటుంటే నేను కొట్లాడకపోతుంటి కాకా. నిజమే అనుకున్న."

ఆ మాట వెంటబెట్టుకునే ఇంటికొచ్చాను.

అందుకే ఇక్కడ, అందరి ముందూ రాస్తున్నాను. పోశెట్టి ఎవరి పైసా తినలేదు. కెప్టెన్ మాట విన్నాడు. అవ్వకు, చెల్లెళ్లకు అన్నం పెట్టాడు. మా నౌకరీల కోసం బతికినన్నాళ్లూ ఆ పేరు మోశాడు.

అన్నా, ఇక ఆ పేరు నీది కాదు. మోకాలి నొప్పి లేని చోట నిమ్మళంగా ఉండు.