జూన్‌లో హావ్‌లాక్ చేరలేకపోయాం

మా అత్తమ్మ రూతమ్మ సికింద్రాబాద్‌లో ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఆమెతో కలిసి ట్రైనింగ్ చేసిన కమలగారు పెళ్లయ్యాక అండమాన్‌లోని హావ్‌లాక్ ద్వీపానికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. ఇద్దరూ కలుసుకుని ఇరవై రెండేళ్లయింది. కమలగారికి మోకాళ్లు అరిగిపోయాయి, ప్రయాణాలు చేయలేరు. అందుకే అత్తమ్మా నేనూ వెళ్దామనుకున్నాం. నేను సైనిక్‌పురిలో ఒక బడిలో లెక్కలు చెబుతాను కాబట్టి నాకు సెలవులు దొరికేది ఎండాకాలంలోనే. జూన్ మొదటి వారానికి సికింద్రాబాద్ కార్ఖానా ప్రాంతంలో ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర మనిషికి ముప్పై ఆరు వేల చొప్పున నాలుగు రాత్రుల ప్యాకేజీ తీసుకున్నాం. డబ్బు కట్టేముందు వానల సంగతి అడిగాను.

"పరేషాన్ కాకుండ్రి మేడమ్. వానలు పడేది జూన్ పదిహేను దాటినంకనే గదా. అప్పటికి మీరు ఇంట్ల ఉంటరు," అన్నాడతను.

అది హైదరాబాద్ లెక్కని తర్వాత తెలిసింది. నైరుతి రుతుపవనాలు మనకంటే ఎంతో ముందు, మే నెలలోనే అండమాన్‌ను తాకుతాయి. ఏళ్ల తరబడి ఆ టికెట్లే అమ్ముతున్న మనిషికి ఈ ముక్క తెలియదా?

శంషాబాద్‌లో ఉదయం విమానం ఎక్కి రెండున్నర గంటల్లో పోర్ట్ బ్లెయిర్‌లో దిగేసరికి వాన దంచికొడుతోంది. మర్నాడు ఆరింటికల్లా జెట్టీకి చేరాం. అక్కణ్ణుంచి హావ్‌లాక్‌కు పడవలో రెండు గంటలు. గాలి ఎక్కువగా ఉందని ఆ రోజు పడవలన్నీ రద్దు చేశారు. జెట్టీ ఎదురుగా ఇడ్లీలు అమ్మే శ్రీకాకుళం ఆవిడ మమ్మల్ని చూసి జాలిపడింది.

"ఏటమ్మా, ఈ రోజుల్లో వొచ్చేసినారు? జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం అద్దంలాగుంటాది. ఇప్పుడు పడవ ఎప్పుడెల్తాదో ఎవుడికీ తెల్దు."

అత్తమ్మ ఫోన్ చేస్తే కమలగారు అప్పటికే అవతలి జెట్టీలో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇంటికి పో కమలా, తడిస్తే జ్వరమొస్తది," అన్నారు అత్తమ్మ.

మూడో రోజూ అంతే. నాలుగో రోజు పడవ బయల్దేరింది, కానీ మర్నాడు ఉదయమే మా విమానం. తిరుగు పడవకు హామీ లేదని కౌంటర్‌లో ఖచ్చితంగా చెప్పేశారు. అయినా వెళ్దామన్నాను.

"వద్దులే. సోమవారం నువ్వు బడికి పోవాలె," అని అత్తమ్మ స్నేహితురాలి కోసం తెచ్చిన సకినాల డబ్బాను హావ్‌లాక్ వెళ్తున్న ఒకామె చేతికిచ్చి, కమలగారి పేరు రెండుసార్లు చెప్పారు. డబ్బా వెళ్లింది. మేం ఒడ్డునే నిలబడిపోయాం. నిజానికి ఫిబ్రవరిలో రమ్మని కమలగారు ముందే చెప్పారు. అక్కడే బతుకుతున్న మనిషి మాట వదిలేసి, ఏసీ గదిలో కూర్చున్నవాడి మాట నమ్మినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

ఇంటికొచ్చాక ఇద్దరం కార్ఖానా వెళ్లాం. "అక్కడ వానలని మీకు ముందే తెలుసా, తెలియదా?" అని అడిగాను.

"తెల్వకేంది మేడమ్. చెప్తే జూన్ల ఎవరు పోతరు?" అని నవ్వాడు.

అత్తమ్మ నవ్వలేదు. "బాబూ, జ్వరం నూటమూడు ఉంటే మేం నూటమూడే రాసినం. పేషెంటు భయపడతడని తొంభై ఎనిమిది రాయలే," అన్నారు. అతను తల వంచుకుని ఫోన్ చూసుకోసాగాడు.

సముద్రం తప్పేమీ లేదు, వాన తప్పూ లేదు. జూన్‌లో అండమాన్ పచ్చగా, అందంగానే ఉంటుంది. తీరిక ఉన్నవాళ్లు వెళ్లొచ్చు. కానీ డెబ్బైకి దగ్గరపడిన మనిషికి పోయిన నాలుగు రోజులను ఏ ప్యాకేజీ తిరిగివ్వదు. ఫిబ్రవరిలో నాకు పరీక్షల పని. అత్తమ్మ ఒక్కరే వెళ్తారట, టికెట్ తనే తీసుకున్నారు. మీరూ వెళ్లాలనుకుంటే డబ్బు కట్టేముందు ఆ ద్వీపంలో ఉండే ఎవరికైనా ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: పోయినేడు ఇదే వారంలో పడవలు నడిచాయా?