పైసగం చదువు

నాలుగంతస్తుల ఆ ఆఫీసులో ప్రింటర్లు ఇరవై రెండు, వాటికి మెకానిక్ ఒక్కడే. పదకొండేళ్లుగా ఆయన పనల్లా ఇరుక్కున్న కాగితాలు లాగడం. మధ్యమధ్యలో ముక్కు గోక్కునే అలవాటుంది కనక సాయంత్రానికల్లా ముక్కు చివర ప్రింటర్ పొడితో నల్లగా నిగనిగలాడుతుంటుంది. ఉద్యోగమంటే ఆయనకి విసుగే. అయితే విసుక్కుంటూ కూర్చునే రకం కాదు. రెండో అంతస్తులో ట్రైనింగువాళ్లు రోజంతా కంప్యూటర్ పాఠాలు ప్రింటు తీస్తుంటారు. ప్రింటర్లో ఇరుక్కుపోయి, కిందిసగం చిరిగిపోయిన కాగితాలన్నీ ఇంటికి తెచ్చుకుని, చొక్కాలతో పాటు ఇస్త్రీ చేసి మరీ కంఠతా పట్టేస్తాడు.

“ఈ ఇంట్లో చిరగని కాగితమంటే మన పెళ్లి శుభలేఖ ఒక్కటే. అదొక్కటే మీరు చదవరు,” అంటుంది భార్య.

కిందటి నెల పై అంతస్తులో ఇంజనీరు పోస్టు ఖాళీ అయింది. ముక్కు రెండుసార్లు రుద్ది కడుక్కుని ఇంటర్వ్యూకి వెళ్లాడు. నెట్‌వర్క్ ఆగిపోతే ఏమేం చేయాలని పెద్దాఫీసరు అడిగీ అడగకముందే నాలుగు పనులు గడగడా అప్పజెప్పాడు. ఆఫీసరు కళ్లజోడు తీసి ముందుకు వంగాడు. ఐదోది మొదలుపెట్టిన మెకానిక్ సగం మాటలో టక్కున ఆగిపోయాడు.

“బాగా చెప్తున్నారు. తర్వాత?”

మెకానిక్ ముక్కు గోక్కున్నాడు.

“అక్కడికే చిరిగిందండీ. మిగతాది రెండో అంతస్తు ప్రింటర్లో ఉండిపోయింది. మీరు సరేనంటే వెళ్లి లాక్కొస్తాను.”