ఎవరి దగ్గరా దొరకని నీలం

మొన్న శనివారం మధ్యాహ్నం ఒక అమ్మాయి మా దుకాణానికి వచ్చి, ఫోన్ నా ముక్కు ముందు పెట్టి, "ఆంటీ, గీ రంగుల జాకెట్ ముక్క ఇయ్యుండ్రి" అంది. చీర ఏదమ్మా అంటే ఇంట్లో ఉందట. ఫోటో ఉందిగా, ఇంకేం కావాలి అన్నట్టు చూసింది. నేను ఆ ఫోన్‌ను మెల్లగా ఆమె వైపే జరిపి, "చీర పట్కరా బిడ్డా, ఫోటో జూసి నేను రంగు ఇయ్య" అన్నాను. మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. వచ్చిన బేరాన్ని చేతులారా పంపించేశానని మా ఆయన కౌంటర్ వెనక గొణిగాడు. గొణగడం ఆయనకు అలవాటే, వినకపోవడం నాకు అలవాటే. కానీ నేను ఆ మాట ఊరికే అనలేదు. ఫోటోలో రంగును నమ్మితే ఏమవుతుందో మా గౌలిపురలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే ఒకసారి అలా నమ్మించింది నేనే.

మాది మ్యాచింగ్ సెంటర్. జాకెట్ ముక్కలు, ఫాల్స్, లంగాలు, లైనింగు. మా మామగారి కాలంలో ఆ గది బర్రెల కొట్టం. ఇప్పుడు బర్రెలూ లేవు, ఆయనా లేడు, గోడ నిండా గుడ్డ ముక్కల అరలు. చీర కొంగు ఒకసారి చూసి లోపలికి వెళ్లానంటే, బయటికి వచ్చేటప్పుడు నా చేతిలో ఉన్న ముక్క ఆ చీరదే అనిపించాలి. చిలకపచ్చకూ మామిడిపచ్చకూ తేడా తెలియని మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ జాలి. ఈ గర్వంతోనే యాభై దాటాక ఫోన్‌తో ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. మొదట గుడ్డలు, తర్వాత గల్లీలు, ఆ తర్వాత ఎవరు ఆగితే వాళ్లను. మంచివి అనుకున్నవి ప్రింట్లు తీయించి దుకాణం గోడకు అంటించుకునేదాన్ని.

ఆ గోడ చూసే లక్క గాజుల భాయ్ నన్ను తన ఫోటోల గుంపులోకి లాగాడు. చార్మినార్ పక్క సందులో ఆయనది తాతల నాటి గాజుల దుకాణం. ఒక పెళ్లికూతురి గాజులకు సరిపోయే గుడ్డ కోసం వచ్చి, ఫోటోలు చూస్తూ గుడ్డ సంగతే మరిచిపోయాడు. ఆయన గుంపులో ఏడుగురం. ఆదివారం పొద్దున్నే ఒక ఇరానీ హోటల్లో గుండ్రటి బల్ల చుట్టూ చేరి, తలా ఒక ఫోటో చూపించుకునేవాళ్లం. ఫోన్ చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరుగుతుంది. తిరిగి తన చేతికి వచ్చేదాకా ఫోటో తీసిన మనిషి నోరు విప్పకూడదు. వచ్చాక ఆ ఫోటోకు ఏమేం చేశారో దాచకుండా చెప్పాలి: ఎక్కడ కత్తిరించారు, ఎంత వెలుతురు పెంచారు, ఏ కరెంటు తీగను చెరిపేశారు. భాయ్ ఏ ఫోటోనైనా ముందు తలకిందులుగా చూసేవాడు. అప్పుడు మొహాలు మోసం చేయవట, వెలుగూ నీడా మాత్రమే కనిపిస్తాయట. ఎడిటింగ్ ఎక్కువైందనిపిస్తే ఫోన్ కింద పెట్టి, "మసాలా జాస్తి అయింది బెహన్" అనేవాడు. ఏడాది పాటు నా ప్రతి ఫోటోకూ ఆ మాటే. రంగుల్లో పుట్టి పెరిగినదాన్ని, నాకా మసాలా ఎక్కువ! లోపల మండిపోయేది.

ఆ ఏడు వినాయక చవితికి ఇంకా మూడు వారాలుందనగా ధూల్‌పేట్ వెళ్లాను. అక్కడ విగ్రహాలు చేసే అక్క ఒకామె నాకు పరిచయం. అరవై దాటినా నిచ్చెన మీద నిలబడి చెయ్యి వణక్కుండా కనుబొమ్మ గీస్తుంది. ఆ రోజు నిలువెత్తుకు రెండింతలున్న వినాయకుడి పంచెకు నీలం వేస్తోంది. పైన టార్పాలిన్, ఆ పైన మబ్బు. నా ఫోటోలో ఆ నీలం నాలుగుసార్లు ఉతికిన గుడ్డలా వచ్చింది. మర్నాడు దుకాణంలో బేరాల్లేని వేళ, ఫోన్‌లో ఆ ఫోటో తెరిచి రంగు పెంచే గీతను కొంచెం కుడివైపు జరిపాను. బాగుంది. ఇంకొంచెం జరిపాను. ఇంకా బాగుంది. చివరికి వచ్చిన నీలం ఏ చీరలోనూ, ఏ తానులోనూ నేను చూసింది కాదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆదివారం ఆ ఫోన్ బల్ల చుట్టూ తిరిగింది. మా గుంపులోని బస్సు కండక్టర్ కుర్రాడు ఈల వేశాడు. భాయ్ తలకిందులుగా చూశాడు, నిలువుగా చూశాడు, కళ్లజోడు తీసి చూశాడు. "బెహన్, దీనికి ఏం జేసిన్రు?" అని అడిగాడు. ఒక్క మాటలో నిజం చెప్పేయొచ్చు. కానీ ఆయన కళ్లలో మసాలా మాట ఎక్కడా లేదు. "ఏం జెయ్యలే భాయ్, గట్లనే వచ్చింది" అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నాకు సలాం చేశాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఎడిటింగ్ లేని ఫోటో అని కింద రాసి, తెలిసినవాళ్లందరికీ పంపాడు. అది తిరిగి తిరిగి, ఆ వినాయకుడిని చేయించుకుంటున్న చాంద్రాయణగుట్ట మండపం కమిటీ పెద్ద దగ్గరికి చేరింది. ఆయనది ఫ్లైఓవర్ కింద బ్యాటరీల దుకాణం. రంగు చూసి మురిసిపోయి, కమిటీ వాళ్లందరికీ అదే నీలంలో అంగీలు కుట్టించాడు.

ఇవేవీ నాకు తెలియవు. చవితి ఇంకో ఆరు రోజులుందనగా, శనివారం అక్కను చూడ్డానికి వెళ్తే, చుట్టూ డబ్బాలు పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. అన్నీ నీలాలే. వినాయకుడి పంచె మీద రంగు గీకేసి ఉంది.

"ఏమైందక్కా?"

"ఏం జెప్పాలె చెల్లె. నువ్వు తీసిన ఫోటోల రంగు మస్తుందంట, బొమ్మ మీద మాడిపోయిందంట. ఫోటోల ఉన్నట్టు ఎయ్యకపోతే వేరే బొమ్మ చూస్కుంటమన్నరు. మూడుసార్లు కలిపిన, వస్తలేదు. గా రంగు ఏసింది నేనే గద? మల్ల నాకెందుకు దొరుకుతలేదు? కండ్లు ఖరాబైనట్టున్నయ్. ఈయేడు ఎట్లనో నడిపిచ్చి, బ్రష్ కోడలి చేతుల వెడ్త."

రంగులే బతుకైన మనిషి తన కళ్లను తాను అనుమానించుకోవడం ఎంత నరకమో నాకు ఒకరు చెప్పాలా? సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆ పూట నిజం బయటికి రాలేదు. రేపొస్తానని చెప్పి పారిపోయి వచ్చాను.

మర్నాడు హోటల్లో ఎవరి ఫోనో తిరుగుతుండగా, వంతు కాకపోయినా నోరు విప్పి అంతా చెప్పేశాను. భాయ్ సాసర్‌లో చాయ్ చల్లారిపోయింది. "నా నోటితోని ఝూట్ చెప్పిచ్చిన్రు బెహన్" అన్నాడు చివరికి. మసాలా మాటకు మండిన నేను ఈ మాటకు తల దించుకున్నాను. తర్వాత ఆయనే లేచి, "చలో, మాకు కాదు, గా అక్కకు చెప్పాలె" అన్నాడు. రెండు ఆటోల్లో అందరం ధూల్‌పేట్ వెళ్లాం.

నేను ఫోన్ తీసి, ముందు అసలు ఫోటో చూపించాను, తర్వాత గీతను ఆమె కళ్ల ముందే కుడివైపు జరిపాను. నీలం ఉబ్బింది. ఎడమకు జరిపాను, తగ్గింది. అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తనే నాలుగుసార్లు జరిపి చూసింది. తిడుతుందని నిలబడ్డాను.

"గట్లయితే నా కండ్లు మంచిగనే ఉన్నయా?" అంది. "మంచిగనే ఉన్నయక్కా, నా బుద్ధే మంచిగ లేదు" అన్నాను. అప్పుడు నవ్వింది చూడండి, పక్క షెడ్ల వాళ్లు తొంగిచూశారు. ఆ తర్వాత తిట్టింది, అది వేరే సంగతి.

కబురు పెడితే కమిటీ పెద్ద ఆ కొత్త నీలం అంగీ తొడుక్కునే వచ్చాడు. సంగతి విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "యాభై అంగీలు కుట్టిచ్చిన అక్కా! ఇప్పుడు దేవునిదొక రంగు, మాదొక రంగా?" నేను ఆయన ఫోన్, భాయ్ ఫోన్, నా ఫోన్ పక్కపక్కన పెట్టించాను. ఒకే ఫోటో, మూడు తెరల మీద మూడు నీలాలు. ఆయన అంగీ నాలుగో నీలం. దర్జీకి కూడా ఆ రంగు దొరక్క దగ్గరిది ఏదో కుట్టేశాడు. ఆయన అంగీ వంకా ఫోన్ల వంకా చూసుకుని చల్లబడ్డాడు. ఇక మిగిలింది నా పని. రెండు రంగులు పొసగనప్పుడు మా వ్యాపారంలో ఒకటే మందు, డబుల్ షేడ్ గుడ్డ. నిలువు పోగు ఒక రంగు, అడ్డపోగు ఇంకో రంగు, కదిలితే అటూ ఇటూ మెరుస్తుంది. భాయ్ నన్ను ఆటోలో దుకాణానికి తీసుకెళ్లాడు. అక్క నీలమూ అంగీ నీలమూ రెండూ కలిసిన తాను వెతికి తెచ్చాను. అక్క మొదట వేసిన రంగునే మళ్లీ పంచెకు వేసింది, భుజం మీద నా గుడ్డ ఉత్తరీయంగా కప్పాం. కమిటీ పెద్ద వెనక్కి వెనక్కి నడిచి చూసి, "ఫోటో కన్న గిదే బాగుంది" అన్నాడు.

నిమజ్జనం అయిన వారానికి అక్క మా దుకాణానికి వచ్చింది, అదే మొదటిసారి రావడం. ఫోటో ప్రింటు కావాలంది. మంచిది తీసిస్తానంటే, వద్దు, రంగు పెంచనిది కావాలంది. "ఏటా చేస్త, ఏటా నీళ్లల్ల కల్పుతరు. నా పని గిట్లుండె అని చెప్పనీకె ఏముంది చెల్లె నా తాన?" దేన్నీ కత్తిరించకుండా, ఏ గీతా జరపకుండా ప్రింటు తీయించి ఇచ్చాను. ఆమె దాన్ని వెలుతురులో పట్టుకుని, పంచె అంచు మీద వేలు పెట్టి, "గీడ సూడు, రంగు ఇంకా ఆరలే" అంది. ఆ వినాయకుడు నీళ్లలో కరిగి ఇన్నేళ్లయింది, అక్క షెడ్డు గోడకు అంటించిన ప్రింటులో ఆ నీలం ఇంకా ఆరలేదు.