తునికాకు దినాల్లో డాక్టరు పరీక్ష

అడవిలో పుట్టిన పిల్లకు బాటనీ దానంతటదే వస్తుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఖమ్మంలో నేను లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకున్న కాలేజీలో కనీసం ముగ్గురు లెక్చరర్లు ఈ మాట అన్నారు, అదేదో మెచ్చుకోలు అనుకుని. చెట్టును చూసి పేరు చెప్పడం మా గూడెంలో నాలుగేళ్ళ పిల్లకు కూడా వచ్చు. పుప్పొడి రేణువు పొరల పేర్లు అడిగితే ఆ తెలివి ఎందుకూ పనికిరాదు. నేనూ అందరిలాగే బట్టీ పట్టాను. అందరికంటే ఎక్కువసార్లు మరిచిపోయి, మళ్ళీ పట్టాను. నేను పడ్డ కష్టాన్ని తీసుకెళ్ళి అడవికి కట్టబెడితే ఊరుకోను.

మాది భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న కోయ గూడెం. ఇంటర్ అవుతూనే మొదటిసారి నీట్ రాస్తే సీటు రాలేదు. రెండోసారి రాయడానికి ఒక ఏడాది ఇమ్మని నాన్నను అడిగాను. ఇచ్చాడు, కానీ ఒక షరతు మీద. ఈసారి రాకపోతే నోరెత్తకుండా నర్సింగులో చేరాలి. ఆ మాట నా నోటితో రెండుసార్లు చెప్పించుకున్నాడు. నాన్న అరిచే మనిషి కాదు, ఒకసారి అన్నాడంటే మాత్రం ఇక అంతే.

కాలేజీలో ఆదివారం పరీక్ష, సోమవారం గోడ మీద జాబితా. మార్కులు పెరిగితే పై సెక్షను, తగ్గితే కింది సెక్షను. పుస్తకాలు చంకన పెట్టుకుని, నీళ్ళ సీసా పట్టుకుని, అందరూ చూస్తుండగా ఇంకో గదికి నడవాలి. నేను ఆ నడక రెండు వైపులా చాలాసార్లు నడిచాను. ఫిజిక్స్ సారు లిఫ్టు పైకి పోతుంటే అందులో ఉన్న మనిషి బరువు ఎంత చూపిస్తుందో లెక్కలు చెప్పేవాడు. మా హాస్టలు ఐదో అంతస్తులో. లిఫ్టు ఉంది, కానీ ఆడపిల్లలు ఊరికే ఎక్కి దిగి పాడుచేస్తారని వార్డెన్ దానికి తాళం వేసింది. ఐదంతస్తులు మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, లిఫ్టులో నిలబడ్డ మనిషి లెక్కలు చేసేదాన్ని.

పరీక్ష ఇంకా తొమ్మిది రోజులుందనగా కాలేజీవాళ్ళు ఒక పని చేశారు. పై రెండు సెక్షన్ల పిల్లలను ఉంచుకుని, మిగతా అందరినీ ఇళ్ళకు పోయి ప్రశాంతంగా చదువుకోమన్నారు. వాళ్ళ ఫ్లెక్సీల మీదికి ఎక్కే మొహాలు ఏవో, ఎక్కనివి ఏవో అప్పటికే తేల్చుకున్నారన్నమాట. నేను ఆ వారం మూడో సెక్షన్లో ఉన్నాను. ప్రశాంతంగా అనే మాట వింటే ఇప్పటికీ పళ్ళు కొరుకుతాను.

ఇంటికొచ్చేసరికి తునికాకు పని జోరుగా నడుస్తోంది. తునికాకు అంటే బీడీ చుట్టే ఆకు. ఏడాది మొత్తంలో కొన్ని వారాలే ఆ పని, అదీ సరిగ్గా మా పరీక్ష పడే రోజుల్లో. తెల్లారకముందే అడవిలోకి పోయి, ఎండ ముదిరేలోపు మూటలతో తిరిగి రావాలి. నీడన కూర్చుని యాభై ఆకులకో కట్ట చొప్పున నారతో కట్టి, పొద్దు వాలేలోపు కల్లానికి చేర్చాలి. కల్లమంటే కట్టలను వరసలుగా పేర్చి ఆరబెట్టే బయలు. నాన్నకు ఆ రోజుల్లో కల్లం మీదే పని. గూడెంలో కాళ్ళూ చేతులూ ఆడే ప్రతి మనిషీ ఆకుకు పోవాల్సిందే.

"నువ్వు పుస్తకం ముంగట కూసో. ఆకు నేను తెంపుకొస్త," అంది అమ్మ.

మొదటిరోజు కూర్చున్నాను. గూడెం ఖాళీ అయిపోయింది. నేనూ కోళ్ళూ మిగిలాం. తొమ్మిదింటికి అమ్మ వీపు మీద మూటతో, నడుము పట్టుకుని వచ్చింది. మంచినీళ్ళు కూడా తాగకుండా కట్టలకు కూర్చుంది. నేను ఆమె ఎదురుగా మంచం మీద కూర్చుని మూత్రపిండం బొమ్మ చూసుకుంటున్నాను. సిగ్గేసింది. మర్నాటి నుంచి అమ్మ వద్దంటున్నా వినకుండా పొద్దున పూట ఆకుకు పోయాను, మధ్యాహ్నం చదివాను. అలా ఐదు రోజులు. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. ఈ సంగతి ఇక్కడే చెప్పి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే తర్వాత నేను దీన్ని దాచిపెట్టాను.

ఆకు పసరు వేళ్ళకు పడితే నల్లగా తేలుతుంది. సబ్బుకు పోదు. ఆ దినాల్లో గూడెంలో అందరి వేళ్ళూ నల్లగానే ఉంటాయి కాబట్టి ఎవరికీ పట్టదు. పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం నేను హాల్ టికెట్ మీద ఫోటో అంటిస్తుంటే అమ్మ నా చేతులు చూసి ఆగిపోయింది.

"ఈ చేతులతోటి పోతవా? ఆడ పెద్ద పెద్ద సార్లుంటరు. డాక్టరు పరీక్షకు వచ్చిన పిల్ల చేతులు గిట్లనా ఉండేది అనరా?"

"చేతులెవరు చూస్తరమ్మా?"

"అందరు చూస్తరు. నీకు తెల్వదు."

నన్ను తొట్టి దగ్గరికి లాక్కెళ్ళింది. మొదట చింతపండు, తర్వాత బూడిద, తర్వాత ఇటుకపొడి. అప్పటికీ వేళ్ళ కొసల్లో నలుపు మిగిలితే మడమలు రుద్దుకునే గరుకురాయి తెచ్చింది. ఒక్కో వేలూ పట్టుకుని, పెదవి బిగించి, గంటసేపు రుద్దింది. నేను మంట అన్నప్పుడల్లా ఇంకొంచెం ఓర్చుకో అంది. చివరికి నా వేళ్ళు పసిపిల్ల వేళ్ళలా తెల్లగా, నున్నగా తేలాయి. అమ్మ వాటిని ఎండలో అటూఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయింది. అబద్ధమెందుకు, నేనూ మురిసిపోయాను.

మర్నాడు ఇద్దరం మొదటి బస్సుకే కొత్తగూడెం వెళ్ళాం. సెంటరు ఒక స్కూల్లో పడింది. గేటు దగ్గర జడ రిబ్బను తీయించారు, మెడలో తాయెత్తు తీయించారు. తీసి అమ్మ చేతిలో పెట్టి లోపలికి పోయాను. వరండాలో బల్ల వేసి వేలిముద్ర మిషన్లు పెట్టారు. నా వంతు వచ్చింది. బొటనవేలు పెట్టాను. ఎర్ర లైటు. మిషను దగ్గరున్న ఆమె తుడిచి పెట్టమంది. ఎర్ర లైటు. చూపుడువేలు, ఎడమ చేయి, కుడి చేయి, పది వేళ్ళూ అయ్యాయి. నా వెనక ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే నన్ను దాటుకుని లోపలికి పోతున్నారు. ఆమె పెద్దసారును పిలిచింది. ఆయన నా రెండు చేతులూ వెల్లకిలా తిప్పించి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"ఏం పూసినవ్ చేతులకు?"

"ఏం పూయలే సార్. తునికాకు తెంపిన. పసరు పోతదని రుద్దిన."

"తునికాకు తెంపినోళ్ళ చేతులు నేను చూడలేదనుకున్నవా? నల్లగుంటయ్. నీయి ఇంత తెల్లగ ఎట్లున్నయ్?"

ఆ ప్రశ్నకు నేనేం చెప్పాలి? నల్లగా ఉంటే అడవి పిల్ల అంటారని అమ్మ భయపడింది. తెల్లగా ఉన్నందుకు నేను అడవి పిల్లను కానంటున్నాడు ఈయన. ఒకరికి బదులు ఇంకొకరు వచ్చి రాస్తున్నారేమోనని అనుమానమట. ఫోటో నాదే, ఆధార్ నాదే, ముఖం ఎదురుగానే ఉంది. అయినా నన్నొక కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరికో ఫోన్ చేయడానికి పోయాడు. గంట కొట్టారు. తలుపులు మూశారు. వరండాలో నేనూ మిషనూ మిగిలాం.

ఆయన వచ్చేసరికి నేను ఏడుస్తున్నాను. కోపమొస్తే నాకు ఏడుపే ముందు వస్తుంది, ఇదొక దరిద్రం. ఆయన మెత్తబడ్డాడు. ఆ మెత్తదనంలో ఒక మాట అన్నాడు.

"ఎందుకమ్మా టెన్షన్? మీ వాళ్ళకు రిజర్వేషన్ ఉంది కద. ఎట్ల రాసినా సీటొస్తది."

తర్వాత ఒక కాగితం మీద నాతో ఏదో రాయించుకుని, సంతకం పెట్టించి, ఫోటో తీసి లోపలికి పంపాడు. ఆ కాగితం మొదటి నిమిషంలోనే రాయించుకుని ఉండొచ్చు. గదిలో అందరూ రెండో పేజీలోనో మూడో పేజీలోనో ఉన్నారు. నేను సీటులో కూర్చుని పేపరు తెరిచాను. చదివిన ప్రశ్నే మళ్ళీ చదువుతున్నాను. చెవిలో మాత్రం ఎట్ల రాసినా, ఎట్ల రాసినా అని ఒకటే మోత. ఎట్లా రాసినా వచ్చేదైతే మొదటిసారే ఎందుకు రాలేదో ఆయన్ను అడగాల్సింది. ఐదంతస్తుల మెట్లు ఎవరి కోసం ఎక్కానో అడగాల్సింది. అడగలేదు. సరే సార్ అన్నాను. ఫిజిక్సులో చివరి ప్రశ్నలు ముట్టుకోకుండానే గంట కొట్టేశారు.

బయట గోడ నీడన అమ్మ నిలబడి ఉంది. నా తాయెత్తు ఇంకా గుప్పిట్లోనే పట్టుకుని ఉంది. ఎంత ఎండలో ఎన్ని గంటలు నిలబడిందో చూసే స్థితిలో నేను లేను.

"మంచిగ రాసినవా బిడ్డా?"

"నీ వల్లనే పోయింది!" అని అరిచాను. "నీ చింతపండు, నీ రాయి! ముద్ర పడలే! నన్ను బయట కూసోబెట్టిండ్రు! నా ఏడాది మొత్తం నువ్వే రుద్ది పారేసినవ్!"

కార్ల దగ్గర నిలబడ్డ తల్లిదండ్రులందరూ తిరిగి చూశారు. పెద్దసారు ముందు పెగలని గొంతు అమ్మ ముందు ఎంత పెద్దగా లేచిందో తలచుకుంటే నా మీద నాకే అసహ్యం. అమ్మ గుప్పిట విప్పింది. తాయెత్తు నా చేతిలో పెట్టింది. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చింది.

ఒకే ఒక్క ప్రశ్న మార్కులతో సీటు పోయింది. ఫలితం వచ్చిన రోజు నాన్న నర్సింగు కాలేజీ దరఖాస్తు గురించి అడిగాడు. వంటింట్లోంచి అమ్మ వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది.

"తప్పు దానిది గాదు. నేనే దాని వేళ్ళు చెడగొట్టిన. నా తప్పుకు దానికి శిక్ష వేస్తవా? ఇంకో ఏడు చదువనియ్యి."

నాన్న ఆ రోజు అమ్మను తిట్టిన తిట్లు అంతకుముందు ఎన్నడూ తిట్టలేదు. బుద్ధి లేదా అన్నాడు, పిల్ల బతుకు రాయికేసి రుద్దినవన్నాడు. అమ్మ నిలబడి అన్నీ పడింది. ఐదు రోజులు ఆకుకు పోయింది నేనేనని, వద్దంటే వినలేదని, లోపల ఒక మనిషి నన్ను అనవసరంగా ఆపాడని నేను చెప్పలేదు. నోరు మూసుకుని నిలబడ్డాను. తిట్లయ్యాక నాన్న సరే, ఇంకొక్క ఏడు అన్నాడు.

మరుసటి ఏడాది ఆకు దినాల్లో నన్ను ఇంటికి రావద్దంది అమ్మ. ఖమ్మంలోనే గవర్నమెంటు హాస్టలు వార్డెన్ను బతిమాలుకుని ఉన్నాను. పరీక్ష రోజు మిషన్లో మొదటి వేలికే పచ్చ లైటు వెలిగింది. సీటు వచ్చింది. అమ్మ తప్పును నేను ఎప్పుడో మన్నించానని మెడికల్ కాలేజీ హాస్టల్లో స్నేహితురాళ్ళకు చెప్పేదాన్ని. పాపం, చదువు లేని మనిషి, ఆమెకేం తెలుసు అనేదాన్ని. వాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. నాకది బాగానే ఉండేది.

కిందటి మేలో సెలవులకు ఇంటికి వెళ్ళాను. అమ్మ పందిరి నీడన కట్టలు కడుతోంది. పక్కన కూర్చుని నారపోగు తీసుకున్నాను. ఇక చెప్పేయాలనిపించింది.

"అమ్మా, ఆ పరీక్ష సంగతి నేను మనసుల పెట్టుకోలే. నువ్వు తెల్వక చేసినవ్. నాకు నీ మీద కోపం లేదు."

అమ్మ కట్ట ఆపకుండానే నవ్వింది.

"రేషన్ షాపు కాడ నా వేలిముద్ర ఎన్నిసార్లు పడదు? పడకపోతే డీలరు బియ్యం ఇయ్యడా? రాసుకొని, సంతకం పెట్టిచ్చుకొని ఇస్తడు. ముద్ర పడకపోతే మనిషిని ఆపొద్దని డీలరుకే తెలుసు. నిన్ను ఆపినోనిది తప్పు. నాకు ఆ దినమే తెలుసు."

"మరి నాన్నతోటి నీ తప్పని ఎందుకన్నవ్?"

"సారుది తప్పంటే మీ నాయన ఏమంటుండె? సార్లతోటి మనకేంది, నర్సింగుల చేరమంటుండె. ఇంట్ల మనిషిది తప్పయితే తిడతడు. తిట్టినంక మనసు కరుగుతది. ఇంకో ఏడు ఇస్తడు."

చేతిలో కట్ట ముడి బిగించి పక్కన పడేసి, ఇంకో యాభై ఆకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను గేటు బయట అరిచింది, నాన్న ముందు నోరు మూసుకుంది, హాస్టల్లో జాలి మాటలు చెప్పింది, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. రెండేళ్ళుగా నేను ఆమెను క్షమించాననుకుంటూ తిరుగుతున్నాను.