దారి చెప్పే బాబాయి

ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా బాబాయి మొదట కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పది మెటికలూ విరుచుకుంటాడు. ఆ చప్పుడు వింటే ల్యాబులో అందరికీ ధైర్యం. వాతావరణం లెక్కలు కట్టే అక్కడి ప్రోగ్రాముకు తన డేటా ఎక్కడుందో తనకే తెలియదు. కొత్త విండో తెరిచిన ప్రతిసారీ, ఫలానా ఫోల్డర్లో ఉందని ఒక పొడవాటి లైను కొట్టి చెప్పాలి. విండో మూస్తే మళ్ళీ మరిచిపోతుంది. ఆ లైను కంఠతా వచ్చినవాడు బాబాయి ఒక్కడే. పద్దెనిమిదేళ్ళుగా రోజూ బల్ల బల్లకూ వెళ్ళి, విసుగు లేకుండా చెబుతున్నాడు.

కొత్తగా చేరిన పరిశోధకురాలు రెండు రోజులు చూసింది. “బాబాయ్, విండో తెరవగానే కంప్యూటరు తనంతట తానే చదువుకునే స్టార్టప్ ఫైల్లో దీన్ని ఒక్కసారి రాసిపెడితే అందరికీ సరిపోతుంది కదా! రోజూ మీకెందుకీ చాకిరీ?”

“చాకిరీ ఏముందమ్మా, నాలిక మీదే ఉంటుంది.”

ఆమె రాసేసింది. ఆ రోజు ఆయన్ని ఎవరూ పిలవలేదు. సొరుగు రెండుసార్లు సర్దుకుని, ఐదింటికల్లా ఇల్లు చేరాడు.

“ఇంత పెందరాళే వచ్చారేం? ఒంట్లో బాగాలేదా?” అంది భార్య.

“పని తేలికైంది” అని, చెప్పులు విప్పకుండా చాలాసేపు కూర్చున్నాడు.

మర్నాడు అందరికంటే ముందు వచ్చి ఆ ఫైలు తెరిచాడు. ఆ లైను మొదట్లో ఒక చిన్న గుర్తు పెట్టాడు. ఆ గుర్తున్న లైనును కంప్యూటరు చదవదు. తొమ్మిదిన్నరకు కేక వినిపించింది.

“బాబాయ్, డేటా లేదంటోంది! ఒక్కసారి రారూ!”

“యంత్రాల్ని నమ్ముకుంటే అంతేనమ్మా. వస్తున్నా” అని, ముందు టీ పూర్తి చేశాడు.